నెమ్మది నెట్‌లోనూ హరికథ ఆగకుండా వినిపించాలంటే ఏ కోడెక్ వాడాలి

మా నాన్నగారు చెప్పిన హరికథలను పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి వెబ్‌లో పెడుతుంటాను. శనివారం సాయంత్రం ఒక గంట లైవ్ కూడా ఉంటుంది. వినేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. బొబ్బిలి, సాలూరు వైపు పల్లెల్లో ఉండేవాళ్లు, పాడేరు కొండల్లో ఉద్యోగాలు చేసే టీచర్లు, నర్సులు, కువైట్‌లో ఒకే గదిలో ఉంటూ ఒకే వైఫై పంచుకునేవాళ్లు. రోజువారీ డేటా అయిపోతే చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి (సెకనుకి 64 వేల బిట్లకి) పడిపోతుంది. కొండల్లో అయితే డేటా ఉన్నా సిగ్నల్ 2జీకి జారిపోతుంది. ఆ స్థితిలో కూడా కథ ఆగకూడదన్నది నా పట్టుదల. అలాంటి శ్రోతల కోసం ఆడియో పెట్టేవాళ్లకి ఉపయోగపడుతుందని నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో కోడెక్‌ల గురించి, అంటే శబ్దాన్ని కుదించి పంపి వినేచోట తిరిగి విప్పే పద్ధతుల గురించి వెతికితే "ఏది బెస్ట్" అనే పోటీలు కనిపిస్తాయి. 2011లో హైడ్రోజన్‌ఆడియో అనే ఆడియో ఫోరమ్ వాళ్లు జరిపిన వినికిడి పరీక్షలో 64 కేబీపీఎస్ దగ్గర ఆపస్ అనే కోడెక్ మిగతావాటికంటే ముందు నిలిచింది. మంచి పరీక్షే, కానీ మన అవసరం 64 కాదు. మన శ్రోత దగ్గర మొత్తం లైనే 64 ఉంది. అందుకని కోడెక్ పేరు దగ్గర కాకుండా ఆ శ్రోత దగ్గర మొదలుపెట్టాలి. ఆయన లైను ఎంత, ఆయన ఫోను ఏది, మనం పంపేది మాటా పాటా అన్నవి తేలితే కోడెక్ దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ముందు లెక్క

ఒక కేబీపీఎస్ గంటసేపు నడిస్తే 0.45 ఎంబీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. 128 కేబీపీఎస్ అంటే గంటకి 57.6 ఎంబీ. 64 అంటే 28.8. 32 అంటే 14.4. 24 అంటే 10.8. 16 అంటే 7.2 ఎంబీ.

ఇక లైను. 64 కేబీపీఎస్‌కి పడిపోయిన కనెక్షన్‌లో ఆ 64 మొత్తం మన పాటకే రాదు. వెనకాల వాట్సాప్ సందేశాలు, ఫోటోలు, యాప్ అప్‌డేట్లు అందులోంచే లాక్కుంటాయి. జీపీఆర్ఎస్ (2జీలో పాత డేటా పద్ధతి) మీద నిజంగా అందేది 30, 40 కేబీపీఎస్ మాత్రమే. ఎడ్జ్ (2జీలోనే దాని తర్వాతది) దానికంటే నయం, కానీ ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి క్షణక్షణం మారిపోతుంది. అందుకని నేను పాటించే నియమం ఒకటే: శ్రోతకి నిజంగా అందే అతి తక్కువ వేగంలో సగానికి మించి స్ట్రీమ్ ఉండకూడదు. 64 లైనుకి 32 లోపు, 35 లైనుకి 16. మిగతా సగం వృథా అనుకోకండి. సిగ్నల్ కాసేపు పోయి మళ్లీ వచ్చినప్పుడు బఫర్ (ఫోను ముందుగా దాచుకునే శబ్దం) తొందరగా నిండేది ఆ సగంతోనే.

కోడెక్‌లలో ఏది ఎక్కడ పనికొస్తుంది

ఆపస్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే చాలావరకు జవాబు అదే. 2012 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలు నిర్ణయించే ఐఈటీఎఫ్ దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. లోపల రెండు పద్ధతులు కలిసి ఉంటాయి. మాట కోసం స్కైప్ నుంచి వచ్చిన సిల్క్, సంగీతం కోసం జిఫ్ సంస్థ నుంచి వచ్చిన సెల్ట్. ఎన్‌కోడర్, అంటే శబ్దాన్ని కుదించే ప్రోగ్రామ్, వచ్చే శబ్దాన్ని చూసి ఏది వాడాలో, లేదా రెండూ కలపాలో తనే నిర్ణయించుకుంటుంది. 6 కేబీపీఎస్ నుంచి 510 దాకా పనిచేస్తుంది. రాయల్టీ లేదు. మీరు కొత్త వస్తువేదో జనం మీద రుద్దుతున్నామని సందేహించక్కర్లేదు. వాట్సాప్‌లో మీ పిన్ని పంపే వాయిస్ మెసేజ్ ఆపస్సే.

ఎంపీ3 పాతది, తక్కువ బిట్‌రేట్‌లో (సెకనుకి పంపే బిట్లు తక్కువైనప్పుడు) బలహీనమైనది, అయినా దాన్ని వదలకండి. 2017లో దాని పేటెంట్ల లైసెన్సింగ్ ముగిసింది కాబట్టి ఇప్పుడు ఏ చిక్కూ లేదు. అది పాడని ఫోను లేదు. మా శ్రోతల్లో కొందరి చేతిలో ఉన్నది మెమరీ కార్డు పెట్టుకునే కీప్యాడ్ ఫోను. మనవడు సెంటర్‌కి వెళ్లినప్పుడు డౌన్‌లోడ్ చేసి కార్డులో వేసిస్తే రాత్రి మంచం మీద పడుకుని వింటారు. వాళ్లకి ఎంపీ3 ఒక్కటే దారి. మోనో, 32 కేబీపీఎస్, శాంప్లింగ్ రేటు 22.05 కిలోహెర్ట్జ్ పెడితే మాట స్పష్టంగా ఉంటుంది, పాట సరిపెట్టుకునేలా ఉంటుంది. 24కి దించితే మాట వరకు పర్వాలేదు. 16కి దించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది, అక్కడికి వెళ్లకండి.

హెచ్ఈ-ఏఏసీ సంగతి వేరు. ఇందులో శబ్దంలోని కింది సగాన్ని మాత్రమే నేరుగా పంపి, పై సగాన్ని కొన్ని ఆనవాళ్ల సాయంతో వినేచోట మళ్లీ కడతారు. దీని రెండో వెర్షన్ 32 కేబీపీఎస్‌లో స్టీరియో సంగీతాన్ని ఆశ్చర్యపోయేలా వినిపిస్తుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ పాడతాయి. మీరు పెట్టేది కేవలం సంగీతమే, అదీ స్టీరియోలో తప్పనిసరి అయితే దీన్ని పరీక్షించి చూడండి. కానీ ఒక ఇబ్బంది ఉంది. ఆడియో మార్పిడికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మామూలుగా వచ్చే ఏఏసీ ఎన్‌కోడర్ హెచ్ఈ చేయదు. ఎఫ్‌డీకే ఎన్‌కోడర్ కావాలి. లైసెన్సు కారణంగా అది రెడీమేడ్ బిల్డ్‌లలో సాధారణంగా ఉండదు, విడిగా కంపైల్ చేసుకోవాలి. పైగా ఆ పై సగాన్ని కట్టే పద్ధతి తెలియని పాత ప్లేయర్ కింది సగాన్ని మాత్రమే పాడుతుంది, అప్పుడు దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తుంది.

ఎక్స్‌హెచ్ఈ-ఏఏసీ కాగితం మీద అన్నిటికంటే ఆకర్షణీయం. మాటా పాటా రెండిటినీ 12 కేబీపీఎస్ నుంచే మోస్తుంది. డీఆర్ఎం డిజిటల్ రేడియో ప్రమాణంలో ఇది భాగం, ఆకాశవాణి మీడియం వేవ్‌లో డీఆర్ఎం ప్రసారాలు కూడా ఉన్నాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి, ఐఓఎస్ 13 నుంచి ఫోన్లలో దీని డీకోడర్ (విప్పి వినిపించే ప్రోగ్రామ్) ఉంది. కానీ ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్ నడిపే మనలాంటివాళ్లకి మంచి ఉచిత ఎన్‌కోడర్ చేతికి అందేలా లేదు. పెద్ద సంస్థలు ఆలోచించాల్సిన విషయం ఇది.

ఏఎంఆర్, స్పీక్స్, కోడెక్2 గురించి నన్ను అడుగుతుంటారు. ఏఎంఆర్ ఫోన్ కాల్స్ కోసం పుట్టింది, బ్రౌజర్లు పాడవు. స్పీక్స్‌ని దాన్ని తయారుచేసినవాళ్లే ఆపస్ వాడమని పక్కన పెట్టారు. కోడెక్2 సెకనుకు 700 బిట్లతో కూడా మాటను మోసే గొప్ప పని చేస్తుంది, కానీ అది హామ్ రేడియో కోసం. ఇక లైరా, ఎన్‌కోడెక్ లాంటి ఏఐ కోడెక్‌లు. 3 కేబీపీఎస్‌లో మాట వినిపిస్తాయి, నిజమే. అయితే బ్రౌజర్‌లో అవి పుట్టుకతో లేవు. ముందు డీకోడర్‌నీ దాని మోడల్‌నీ శ్రోత డౌన్‌లోడ్ చేసుకోవాలి. అదే కొన్ని ఎంబీలు. ఆపస్ 16లో గంట కథే 7.2 ఎంబీ అయినప్పుడు, ఆ డౌన్‌లోడ్‌తో మిగిలేది ఏముంటుంది? చౌక ఫోను బ్యాటరీ కూడా తినేస్తాయి.

ఆపస్‌లోనే 2024లో వచ్చిన 1.5 వెర్షన్ తక్కువ బిట్‌రేట్ మాటను డీకోడర్ వైపు మెరుగుపరుస్తుంది. అది వినేవాళ్ల ఫోనులో కొత్త డీకోడర్ ఉండి, ఆ సదుపాయం ఆన్ చేసి ఉంటేనే పనిచేస్తుంది. దాన్ని నమ్ముకుని బిట్‌రేట్ తగ్గించకండి.

మాట ఒకటి, హరికథ ఒకటి

ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరంలో తీర్చిదిద్దిన కళ ఇది. ఒకే మనిషి వచనం చెబుతాడు, పద్యం అందుకుంటాడు, కీర్తన పాడతాడు, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తాడు. వెనక వయొలిన్ లేదా హార్మోనియం, మృదంగం, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు. కోడెక్‌కి ఇంతకంటే కఠినమైన పరీక్ష నాకు తెలియదు.

ఆపస్‌ను 16 కేబీపీఎస్ మోనోలో పెడితే వచనం చక్కగా వస్తుంది. కథ చెప్పే దాసుగారు కీర్తన ఎత్తుకోగానే ఎన్‌కోడర్ సంగీతం పద్ధతిలోకి మారుతుంది, 16లో సంగీతానికి బిట్లు చాలవు. హార్మోనియం స్వరం వణుకుతుంది. చిడతల గలగల ఇసుక రాలినట్టు అవుతుంది. 24కి పెంచితే ఈ రెండూ సర్దుకుంటాయి. హరికథకి 24 కంటే తగ్గించకూడదని నా చెవి చెప్పిన తీర్పు. బుర్రకథకి గుమ్మెటల జోరు, వంతల హోరు ఉంటాయి కాబట్టి 32 ఇవ్వండి. ప్రవచనం, వ్యవసాయ సలహా, వార్తలు, కథ చదవడం, ఇలా ఒక్క గొంతే ఉన్న వాటికి 16 హాయిగా సరిపోతుంది.

మాటకే అయినా 12 కంటే కిందికి దిగే ముందు ఆగి వినండి. లిబోపస్ అనే ఆపస్ ఎన్‌కోడర్ మోనో మాటకి 14 కేబీపీఎస్ పైన పూర్తి వెడల్పు శబ్దం ఇస్తుంది. దానికింద వైడ్‌బ్యాండ్, అంటే 8 కిలోహెర్ట్జ్ దాకా. దాదాపు 9 కంటే దిగితే నారోబ్యాండ్‌కి పడిపోయి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది. స, శ, ష ల తేడా చెప్పే శబ్దం చాలావరకు ఆ 4 పైనే ఉంటుంది. పద్యాలు వినేవాళ్లు దీన్ని ఒప్పుకోరు. పరీక్షకి నేను వాడేది పోతన పద్యం ఏదో ఒకటి. "శారద నీరదేందు ఘనసార పటీర" ఎత్తుకుంటే శ, ష, స, ఘ, ధ లాంటివి ఎక్కడ మసకబారుతున్నాయో వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ శాంపిల్ వాక్యాలతో ఇది బయటపడదు.

ఎన్‌కోడ్ చేసే ముందు చేయాల్సిన పని

నా దృష్టిలో కోడెక్ ఎంపిక కంటే దీని ఫలితం ఎక్కువ. బిట్లు తక్కువ ఉన్నప్పుడు ప్రతి బిట్టూ దేనికి ఖర్చవుతోందో చూసుకోవాలి. క్యాసెట్ టేపు హిస్స్, సీలింగ్ ఫ్యాన్ గాలి, పక్క వీధి జనరేటర్, ఇవన్నీ కోడెక్ దృష్టిలో శబ్దాలే. గొంతుకి ఇవ్వాల్సిన బిట్లలో కొన్ని వాటికి పంచిపెడుతుంది. అదే కథను హిస్స్ తగ్గించి 24లో వింటే, తగ్గించకుండా 32లో విన్నదానికంటే బాగుంటుంది. మీరే చేసి చూడండి.

మొదట మోనో. ఒక్క గొంతు ఉన్న రికార్డింగ్‌ని స్టీరియోలో పంపడంలో అర్థం లేదు. కానీ క్యాసెట్ల విషయంలో ఎడమ, కుడి చానెళ్లను గుడ్డిగా కలపకండి. డెక్ హెడ్డు కొంచెం వంకరగా ఉన్నా రెండు చానెళ్ల మధ్య సూక్ష్మమైన ఆలస్యం వస్తుంది. కలిపితే పై శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు మందగిస్తుంది. రెండూ విడివిడిగా విని, ఏది శుభ్రంగా ఉంటే ఆ ఒక్కటే తీసుకోండి.

తర్వాత ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హైపాస్ ఫిల్టర్‌తో తీసేయండి. అక్కడ గొంతు ఉండదు, గరగర తప్ప. మామూలు క్యాసెట్‌లో 12 కిలోహెర్ట్జ్ పైన దాదాపు హిస్స్ తప్ప ఏమీ మిగలదు కాబట్టి అదీ కోసేయవచ్చు. ఆపైన నాయిస్ రిడక్షన్. కథ మొదలయ్యే ముందు టేపు ఒట్టిగా తిరిగే రెండు మూడు సెకన్లు శాంపిల్‌గా ఇచ్చి 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గించండి, అంతకు మించి వద్దు. ఎక్కువ తీస్తే గొంతు చుట్టూ కిచకిచమంటూ కొత్త శబ్దాలు పుడతాయి. కోడెక్ వాటికి కూడా బిట్లు ఖర్చుపెడుతుంది.

చివరగా లౌడ్‌నెస్ సమం చేయండి. పాడ్‌కాస్ట్‌లకి వాడే మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గర పెడితే ఫోను స్పీకర్‌లో దూరం నుంచి కూడా వినిపిస్తుంది. దాసుగారు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా అందుకుంటారు కాబట్టి ఆ తేడా పూర్తిగా చంపేయకుండా మృదువుగా కంప్రెస్ చేయండి.

శుభ్రం చేసిన మాస్టర్‌ని నాణ్యత తగ్గించని ఫ్లాక్‌లోనో వేవ్‌లోనో దాచుకోండి. ఎన్‌కోడ్ ఎప్పుడూ దాన్నుంచే. యూట్యూబ్‌లో ఉన్న కథని దించి 16కి మార్చితే, అప్పటికే ఒకసారి నలిగిన శబ్దం మళ్లీ నలుగుతుంది.

సెట్టింగులు

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లిబోపస్ ఎంచుకుని చానెల్ ఒకటి, బిట్‌రేట్ 24కె, కంప్రెషన్ లెవెల్ 10 పెట్టండి. దాచిపెట్టిన ఫైళ్లకి వీబీఆర్ (శబ్దాన్ని బట్టి బిట్‌రేట్ మారే పద్ధతి) ఆన్ చేయండి. లైవ్‌కి మాత్రం ఆ మార్పుకి హద్దు పెట్టే కన్‌స్ట్రెయిన్డ్ వీబీఆర్ పెట్టండి, పల్లవిలో మృదంగం ఊపందుకున్నప్పుడు బిట్‌రేట్ లైనుని దాటి పోకుండా ఉంటుంది. అప్లికేషన్ అనే సెట్టింగు మాటకే అయితే వాయిప్, హరికథకి ఆడియో. ఒట్టి మాటను 16లో పెడుతుంటే ఫ్రేమ్ నిడివి (ఎన్‌కోడర్ ఒక్కోసారి తీసుకునే శబ్దం ముక్క) 20 నుంచి 60 మిల్లీసెకన్లకి పెంచండి, కొంచెం కలిసొస్తుంది. సంగీతానికి దానివల్ల లాభం లేదు. శాంప్లింగ్ రేటు మీరు తగ్గించాల్సిన పని లేదు, బిట్‌రేట్‌ని బట్టి ఎన్‌కోడరే వెడల్పు నిర్ణయించుకుంటుంది.

ఫైలు ఆగ్ అనే కంటైనర్‌లో, అంటే శబ్దాన్ని చుట్టి ఉంచే ఫైలు రూపంలో పెట్టి, పేరు చివర ఆపస్ అని కాకుండా ఓజీజీ అని ఉంచండి. పాత ఆండ్రాయిడ్‌లు 5.0 నుంచే లోపల ఉన్న ఆపస్‌ని పాడగలిగినా, డౌన్‌లోడ్ చేసిన ఫైలుకి ఆ పేరు ఉంటేనే గుర్తుపడతాయి. ఐఫోన్‌లది వేరే కథ. 2025లో వచ్చిన సఫారీ 18.4 దాకా ఆగ్‌లో ఉన్న ఆపస్‌ని సఫారీ పాడేది కాదు. అందుకే వెబ్ పేజీలో ఆడియో ట్యాగ్ లోపల రెండు సోర్సులు రాస్తాను. మొదట ఆగ్ ఆపస్, దాని టైపు, కోడెక్ రెండూ స్పష్టంగా చెప్పి. దాని కింద ఎంపీ3. బ్రౌజర్ పై నుంచి చూసుకుంటూ వచ్చి తను పాడగలిగిన మొదటిదాన్ని తీసుకుంటుంది. ఏ ఫోను ఏమిటని మనం కనిపెట్టాల్సిన పనే లేదు.

పొడుగు ఫైళ్లు, పేజీ బరువు

రెండున్నర గంటల రుక్మిణీ కల్యాణం ఒకే ఫైలుగా పెట్టకండి. ఆగ్ ఫైలులో మొత్తం నిడివి ముందు రాసి ఉండదు. బ్రౌజర్ చివరి భాగాన్ని తెప్పించుకుని లెక్కేస్తుంది. మధ్యలోకి జరిపితే సరైన చోటు దొరికేదాకా అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అడుగుతుంది. 2జీలో ఒక్కో అడగడానికి అర సెకనో, ఇంకా ఎక్కువో పడుతుంది. పదీ పదిహేను నిమిషాల భాగాలుగా, కథలో సహజంగా విరామం వచ్చేచోట కోయండి. కరెంటు పోయినా, ఫోను వచ్చినా ఎక్కడ ఆగామో వాళ్లకి గుర్తుంటుంది. మీ సర్వర్ ఫైలులో కొంత భాగాన్ని మాత్రమే పంపగలదో లేదో కూడా చూసుకోండి. లేకపోతే జరపడం అసలు కుదరదు, కొన్నిసార్లు మొదటినుంచీ మళ్లీ దిగుతుంది.

ఆడియో ట్యాగ్‌లో ప్రీలోడ్‌ని నన్ అని పెట్టండి. పేజీలో పన్నెండు కథలుంటే ఎవరూ నొక్కకుండానే పన్నెండింటి కోసం బ్రౌజర్ సర్వర్‌ని కదిలించడం అన్యాయం.

తెలుగు సైట్లలో అందరూ మరిచిపోయేది వెబ్‌ఫాంట్. ఒక తెలుగు ఫాంట్ 200 కేబీ ఉంటే, 40 కేబీపీఎస్ లైను మీద అది దిగడానికే 40 సెకన్లు. అదే సమయంలో ఆపస్ 24లో నిమిషం పైన కథ వచ్చేది. శ్రోత ఫోనులో తెలుగు ఫాంట్ ఇప్పటికే ఉంది, దాన్నే వాడనివ్వండి. దాసుగారి ఫోటో ఉంటే చిన్నదిగా, కథ కింద పెట్టండి.

బటన్ల మీద కేబీపీఎస్ అని రాయకండి. "ఈ భాగం 2 ఎంబీ" అని రాయండి. డేటా లెక్క పెద్దవాళ్లకి బాగా తెలుసు, ఎంబీల్లో చెబితే నొక్కాలా వద్దా వాళ్లే తేల్చుకుంటారు. పక్కనే డౌన్‌లోడ్ బటన్ కూడా ఉంచండి. పాడేరులో బస్టాండ్ దగ్గర సిగ్నల్ ఉంటుంది, ఇంటి దగ్గర ఉండదు. అక్కడే దించుకుని వెళ్తారు.

లైవ్ సంగతి

లైవ్ అనగానే చాలామంది వీడియో కాల్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీ వైపు చూస్తారు. ఆలస్యం ఉండదు కాబట్టి. కానీ అందులో ప్రతి 20 మిల్లీసెకన్లకీ ఒక ప్యాకెట్ పోతుంది, ప్రతి ప్యాకెట్‌కీ 40 బైట్ల హెడర్ల (చిరునామా లాంటి సమాచారం) బరువు ఉంటుంది. సెకనుకి 50 ప్యాకెట్లు, అంటే హెడర్లకే 16 కేబీపీఎస్. మీరు ఎంతో కష్టపడి 16కి దించిన శబ్దానికి అంతే బరువు తోడవుతుంది. శ్రోత తిరిగి మాట్లాడాల్సిన పని లేనప్పుడు ఈ దారి వద్దు.

మామూలు హెచ్‌టీటీపీ స్ట్రీమ్ చాలు. నేను ఐస్‌కాస్ట్ అనే స్ట్రీమింగ్ సర్వర్ వాడతాను. అందులో రెండు మౌంట్లు, అంటే రెండు వేర్వేరు స్ట్రీమ్ లింకులు పెట్టండి. ఒకటి ఆపస్ 24, ఇంకొకటి ఎంపీ3 32. కొండ ప్రాంతాల శ్రోతలు ఎక్కువగా ఉంటే, పాట కాస్త చెడినా కథ ఆగకుండా ఉండటానికి, ఆపస్ 16తో మూడోది. బస్సులో ప్రయాణిస్తూ టవర్లు మారేవాళ్లు ఎక్కువైతే హెచ్ఎల్ఎస్ (స్ట్రీమ్‌ని చిన్న ఫైళ్లుగా కోసి పంపే పద్ధతి) ఆలోచించవచ్చు, అందులో ప్రతి ముక్కా విడిగా దిగుతుంది కాబట్టి కనెక్షన్ తెగినా కోలుకుంటుంది. స్థిరంగా ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి దాని అవసరం లేదు.

ఐస్‌కాస్ట్‌లో బర్స్ట్ సైజ్ అనే సెట్టింగు డీఫాల్ట్‌గా 65,535 బైట్లు. శ్రోత కనెక్ట్ అవగానే అంత శబ్దాన్ని ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. 128 కేబీపీఎస్ స్ట్రీమ్‌లో అది 4 సెకన్లే. 24లో దాదాపు 22 సెకన్లు, 16లో 33 సెకన్లు. అంటే తక్కువ బిట్‌రేట్ శ్రోత లైవ్‌కి అర నిమిషం వెనక ఉంటాడు. హరికథకి ఇది వరం. ఆ 22 సెకన్లు ఆయన ఫోనులో నిల్వ ఉన్నాయి కాబట్టి సిగ్నల్ పది సెకన్లు పోయినా కథ ఆగదు. దీన్ని తగ్గించమని చెప్పే సలహాలు పట్టించుకోకండి. కథ చివర్లో శ్రోతలతో ఫోనులో మాట్లాడే కార్యక్రమం ఉంటే మాత్రం, ఫోన్ చేసినవాళ్లు స్ట్రీమ్ ఆపేసి మాట్లాడాలని ముందే చెప్పండి. లేకపోతే తమ గొంతు తమకే అర నిమిషం తర్వాత వినిపించి తికమకపడతారు.

క్యూ సైజ్ అనే ఇంకో సెట్టింగు 5,24,288 బైట్లు. ఒక శ్రోత లైను అంతకంటే వెనకబడితే సర్వర్ కనెక్షన్ తెంచేస్తుంది. ఆపస్ 24లో అది దాదాపు మూడు నిమిషాలు. సరిపోతుంది, కదపక్కర్లేదు.

శ్రోత చెవితో వినడం

మీ ఇంటి వైఫైలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని తీర్పు ఇవ్వకండి. ఫైర్‌ఫాక్స్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్తే జీపీఆర్ఎస్ అనే ఎంపిక ఉంటుంది. 50 కేబీపీఎస్ వేగం, 500 మిల్లీసెకన్ల ఆలస్యం. అందులో మీ పేజీని తెరిచి, నొక్కిన ఎంతసేపటికి గొంతు వినిపిస్తుందో చూడండి. క్రోమ్‌లో మీరే 40 కేబీపీఎస్, 800 మిల్లీసెకన్లతో ఒక ప్రొఫైల్ తయారుచేసుకోవచ్చు. ఇంకా మంచిది అసలు ఫోనులో చూడటం. ఎయిర్‌టెల్ లేదా బీఎస్ఎన్ఎల్ సిమ్ వేసి, సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకాన్ని 2జీ మాత్రమే అని పెట్టండి. జియోలో 2జీ లేదు కాబట్టి దాంతో ఈ పరీక్ష కుదరదు. ఫోనుని వంటింట్లో గట్టు మీద పెట్టి, స్పీకర్‌లోంచి, కుక్కర్ కూత మధ్యలో వినండి. ఎక్కువమంది వినేది అలాగే.

లైవ్ మొదలయ్యాక ఐస్‌కాస్ట్ యాక్సెస్ లాగ్ చూడటం అలవాటు చేసుకోండి. ప్రతి వరుస చివర ఆ శ్రోత ఎన్ని సెకన్లు ఉన్నారో రాసి ఉంటుంది. ఒకే ఐపీ నుంచి నిమిషంలోపు పోవడం, మళ్లీ రావడం, మళ్లీ పోవడం కనిపిస్తే అది విసుగు కాదు. ఆ లైను మీ బిట్‌రేట్‌ని మోయలేకపోతోంది. అలాంటివి 24 మౌంట్‌లో నాలుగైదు కనిపిస్తే 16 మౌంట్ లింకుని పేజీలో పైకి తీసుకురండి. ఎంపీ3 మౌంట్‌లో మాత్రమే ఎవరైనా పూర్తి గంట ఉంటున్నారంటే వాళ్ల ఫోను ఆపస్ పాడదని అర్థం. లాగ్‌లోని యూజర్ ఏజెంట్ అనే వివరంలో ఏ ఫోనో ఉంటుంది. అలాంటివాళ్లు మిగిలి ఉన్నంతకాలం ఎంపీ3ని తీసేయకండి.